'అకిర' నామము: దేశాంతరగమనము, అర్థపరిణామము

ఉపోద్ఘాతము

నామకరణము షోడశసంస్కారములలో నొకటి. పేరు వ్యక్తిని పిలుచుటకు సాధనము మాత్రమే కాక, శిశువు నుద్దేశించిన శుభాశంసను వహించునదిగ ప్రాచీనులు భావించిరి. కావుననే గృహ్యసూత్రకారులు పేరునం దుండవలసిన అక్షరసంఖ్యను, ఆద్యంతవర్ణములను నియమించిరి. మనుస్మృతి (2.33) స్త్రీనామము సుఖోచ్చారణముగను, స్పష్టార్థముగను, మంగళకరముగను, దీర్ఘస్వరాంతముగను ఉండవలెనని విధించినది. పేరునకు అర్థము స్పష్టముగ నుండవలెనను కోరిక నేటి తల్లిదండ్రులయందును తగ్గలేదు. పేరు పెట్టుటకు ముందు సంస్కృతపండితుని అర్థ మడుగుట తెలుగునాట ఇప్పటికిని ఆచారముగ నున్నది.

అట్లు అడుగబడు పేర్లలో ఇటీవలి కాలమున 'అకీరా' యొకటి. ఇది సంస్కృతపదమనియు, 'లాలిత్యముతో కూడిన బలము' దీని యర్థమనియు ఒక వాదము నామసంకలనగ్రంథములలోను, చలనచిత్ర ప్రచారములోను వ్యాపించినది. వాస్తవమున ఇది జపాను దేశపు పేరు. ఆ దేశమున దీని స్వరూప మెట్టిది, దేశాంతరముల కెట్లు చేరినది, అచ్చట ఏమి కోల్పోయి ఏమి పొందినది, సంస్కృతవ్యుత్పత్తివాదము శాస్త్రపరీక్షకు నిలుచునా అను అంశములు ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

పతంజలి మహాభాష్యమున శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా భేదములచే నాలుగు విధములుగ విభజించెను. అర్థనిమిత్తము లేక వక్త యిచ్ఛచే ఏర్పడిన 'డిత్థ' వంటి సంజ్ఞలు యదృచ్ఛాశబ్దములు. ఈ విభాగము ప్రస్తుతవిషయమునకు మిక్కిలి ఉపకరించును. జపాను భాషలో 'అకిర' గుణశబ్దము. సముద్రము దాటిన పిదప అది యదృచ్ఛాశబ్దమైనది. అర్థము లేని పేరును సహింపలేని సమాజము దానికి క్రొత్త యర్థమును కల్పించినది. ఈ నామచరిత్రలోని మూడు దశలు ఇవియే.

జపాను భాషయందు శబ్దస్వరూపము

'అకిర' చీనా భాషనుండి గ్రహింపబడిన పదము కాదు; శుద్ధమైన జపాను దేశ్యశబ్దము. వెలుతురు అను అర్థమునగల 'అకరి', వెలుగుతో కూడినది అను అర్థమునగల 'అకరుయి', స్పష్టమైనది అను అర్థమునగల 'అకిరక' అను పదములు దీనికి సోదరశబ్దములు. కావున ఈ పేరునకు మూలార్థము ప్రకాశము, స్వచ్ఛత, స్పష్టత. వెలుగును, విస్పష్టతను ఒకే శబ్దము చెప్పుట సంస్కృతమునను కలదు. 'విశద' శబ్దము తెల్లనిది, నిర్మలమైనది, స్పష్టమైనది అను అర్థములను ఏకకాలమున బోధించును. 'అకిర'కు సంస్కృతమున సమానార్థకమును చెప్పవలసివచ్చినచో 'విశద'యే మిక్కిలి సన్నిహితము.

ఇది జపానులో ప్రధానముగ పురుషనామము. స్త్రీలకును పెట్టుట కలదు గాని అది అరుదు. ఉచ్చారణమున ఇందలి మూడు అచ్చులును హ్రస్వములే. తోక్యో నగరపు ప్రామాణికభాషలో మొదటి మాత్ర ఉన్నతస్వరముతోను, తరువాతి రెండు మాత్రలు నిమ్నస్వరముతోను పలుకబడును. ఉదాత్తానుదాత్తభేద మెరిగిన వైదికాధ్యాపకులకు ఈ స్వరవ్యవస్థ దుర్గ్రాహ్యము కాదు. ఇందు బలాఘాతము లేదు. దీర్ఘము అసలే లేదు.

లిపిభేదము, అర్థభేదము

జపాను నామములలోని విశేషము లిపియందున్నది. జపానీయులు చీనా దేశమునుండి గ్రహించిన భావలిపిని 'కంజి' అందురు. ఇందలి యొక్కొక్క చిహ్నము ధ్వనినే కాక అర్థమును గూడ సూచించును. ఒకే ఉచ్చారణముగల పేరును అనేకచిహ్నములతో వ్రాయవచ్చును. చిహ్నము మారినపుడు తల్లిదండ్రు లుద్దేశించిన యర్థచ్ఛాయయు మారును. తెలుగువారికి ఇది అపూర్వముగ తోచును. తెలుగులిపిలో 'హరి' అని వ్రాసినపుడు విష్ణువో, సింహమో, కోతియో సందర్భమే చెప్పవలెను. కంజిలో ఆ నిర్ణయమును లిపియే చేయును.

'అకిర' అను ఒక్క పేరునకే ఇట్టి చిహ్నములు పెక్కు కలవు. సుప్రసిద్ధ చలనచిత్రదర్శకుడు కురోసావా అకిర (1910-1998) పేరును వ్రాయు చిహ్నము సూర్యచంద్రుల గుర్తులను ప్రక్కప్రక్కన కూర్చి ఏర్పరుపబడినది. ప్రకాశము దాని యర్థము. 1954లో వెలువడిన 'గొజిరా' చిత్రమునకు సంగీతము కూర్చిన ఇఫుకుబె అకిర పేరున వేరొక చిహ్నము కలదు. అదియు వెలుగును చెప్పునదే. 2010లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి నందిన సుజుకి అకిర పేరులోని చిహ్నమునకు గ్రంథాధ్యాయము, రచన, చిహ్నము అను అర్థములున్నవి. లిథియం అయాన్ బ్యాటరీల రూపకల్పనకు 2019లో అదే శాస్త్రమున నోబెల్ బహుమతిని పంచుకొనిన యొషినొ అకిర పేరులోని చిహ్నము ప్రకటించుట, వెల్లడిచేయుట అను అర్థము గలది. చెవికి నలుగురును 'అకిర'లే. కంటికి నలుగురి పేర్లును వేరు.

ఈ చిహ్నములలో రెండింటికి జపాను దేశచరిత్రతో సంబంధమున్నది. 1868 నుండి 1912 వరకు సాగిన మెయిజి శకనామమునందలి మొదటి చిహ్నమును, 1926 నుండి 1989 వరకు సాగిన షోవా శకనామమునందలి మొదటి చిహ్నమును వ్యక్తినామములుగ వ్రాసినపుడు 'అకిర' అని చదువవచ్చును. మొదటిది కురోసావా పేరులోనిది, రెండవది ఇఫుకుబె పేరులోనిది. 1989 నుండి 2019 వరకు రాజ్యము చేసిన చక్రవర్తి అకిహితొ పేరులోని పూర్వభాగమును మెయిజి శకచిహ్నమే. శకనామములలో చదువబడునపుడు ఈ చిహ్నములు 'మెయి', 'షో' అను చీనామూలకధ్వనులను పొందును; వ్యక్తినామమున దేశ్యధ్వనిని పొందును.

పేర్లలో వాడదగిన చిహ్నములను జపాను ప్రభుత్వము పరిమితము చేసినది. 1948లో అమలులోనికి వచ్చిన కుటుంబ నమోదు చట్టము సామాన్యప్రచారముగల చిహ్నములనే వాడవలెనని విధించినది. పేర్లకు ప్రత్యేకముగ అనుమతింపబడిన అదనపు చిహ్నముల పట్టిక 1951లో వెలువడి, తరువాత పలుమార్లు విస్తరింపబడినది. చిహ్నములపై నియమమున్నను, వానిని ఎట్లు చదువవలెనను విషయమున చాలకాలము నియమము లేకుండెను. 2025 మే 26 నుండి అమలైన సవరణముచే పేరు ఉచ్చారణమును గూడ నమోదుచేయుట విధియైనది. ఆ ఉచ్చారణము లోకసమ్మతమై యుండవలెనను నిబంధనయు ఏర్పడినది. అనగా పేరునందు రూపము, ధ్వని అను రెండంగములు కలవనియు, రెండును నియమింపదగినవే యనియు ఆ దేశపు శాసనము గుర్తించినది.

దేశాంతరగమనము

పేరు పరదేశమునకు పోవునపుడు ఈ రెండంగములలో ధ్వని మాత్రమే ప్రయాణము చేయును. రోమను లిపిలో నలుగురి పేర్లును ఒకే అయిదక్షరములుగ మారిపోవును. సూర్యచంద్రులును, గ్రంథాధ్యాయమును జపానులోనే నిలిచిపోవుదురు. ఇది మొదటి నష్టము.

'అకిర' శబ్దమును ప్రపంచమునకు పరిచయము చేసినవి ప్రధానముగ రెండు. మొదటిది కురోసావా కీర్తి. ఆయన 1950లో నిర్మించిన 'రషోమోన్' 1951లో వెనిస్ చలనచిత్రోత్సవమున అత్యున్నతపురస్కారమైన స్వర్ణసింహమును పొందినది. అప్పటినుండి యూరపు, అమెరికా, భారతదేశములలోని చలనచిత్రాభిమానులకు ఈ పేరు పరిచితమైనది. రెండవది ఒతోమొ కట్సుహిరొ రచించిన 'అకిర' అను చిత్రకథ. 1982 నుండి 1990 వరకు జపాను పత్రికలో ధారావాహికముగ వెలువడిన ఈ కథను ఆయనయే 1988లో చలనచిత్రముగ మలచెను. ఆ సంవత్సరమే దీని ఆంగ్లానువాదప్రచురణము అమెరికాలో ఆరంభమైనది. అద్భుతశక్తిగల బాలుని పేరు ఇందు గ్రంథనామమైనది. గమనింపదగిన దేమన, ఈ కృతిలో ఆ పేరు కంజిలో కాక, కేవలధ్వనిని సూచించు కటకానలిపిలోను రోమను లిపిలోను వ్రాయబడినది. పరదేశమునకు పోకముందే ఈ పేరు ఇచ్చట అర్థచిహ్నమును విడిచి ధ్వనిమాత్రమైనది.

అమెరికా సంయుక్తరాష్ట్రముల సామాజిక భద్రతా సంస్థ, ఒక సంవత్సరమున కనీసము అయిదుగురు శిశువులకు పెట్టబడిన పేర్లను బాలబాలికాభేదముతో ప్రకటించుచున్నది. 'అకిర' ఆ రెండు పట్టికలలోను కానవచ్చును. అయితే ఇట్టి పట్టికలు వర్ణక్రమమును లెక్కించునే గాని అర్థమును లెక్కింపవు. ఆ పేరు పెట్టినవారు జపాను సంతతివారో, చిత్రకథాభిమానులో, ధ్వనిమాధుర్యమునకు ఆకృష్టులైనవారో పట్టిక చెప్పజాలదు. వ్యాప్తికి అది ప్రమాణమే. అర్థజ్ఞానమునకు ప్రమాణము కాదు.

ఉచ్చారణభేదము, లింగభేదము

ఆంగ్లభాషీయులు ఈ పేరును పలుకునపుడు రెండవ అక్షరముపై బలాఘాతము నుంచుటచే అచ్చటి ఇకారము దీర్ఘమువలె వినబడును. తెలుగునాట 'అకిర', 'అకిరా', 'అకీరా' అను మూడు రూపములు కానవచ్చుచున్నవి. ఛందోదృష్టిచే చూచినచో మొదటిది మూడు లఘువుల నగణము, రెండవది సగణము, మూడవది యగణము. జపాను ఉచ్చారణమునకు నగణరూపమే అనుగుణము. మూడవ రూపము ఈ పేరు జపానునుండి నేరుగ కాక ఆంగ్లముఖమున వచ్చినదని సూచించును. ఈ విధముగ వర్ణక్రమమే పేరు నడచిన మార్గమునకు సాక్ష్య మగుచున్నది.

లింగవిషయమున గూడ మార్పు జరిగినది. జపానులో ప్రాయికముగ పురుషనామమైనది దేశాంతరములలో బాలికలకును విరివిగ పెట్టబడుచున్నది. యూరపు భాషలలో అకారాంతనామములు ప్రాయికముగ స్త్రీవాచకములు. అరబ్బీ భాషలో కృతజ్ఞురాలు అను అర్థముగల 'షాకిరా' వంటి ప్రసిద్ధస్త్రీనామముల ధ్వనిసామ్యమును దీనికి తోడైనది. భారతదేశమున దీనికి ప్రాచీనమైన అనుకూలత యొకటి కలదు. పారస్కరగృహ్యసూత్రము బాలునకు రెండు లేక నాలుగు అక్షరముల పేరును, బాలికకు బేసి సంఖ్యగల అక్షరములతో ఆకారాంతమైన పేరును విధించినది. మూడక్షరములు కలిగి ఆకారముతో ముగియు 'అకిరా' రూపమున ఈ నియమమునకు సరిగ సరిపోవుచున్నది. 'అహల్యా', 'సుమిత్రా', 'సుభద్రా' మున్నగు నామముల సరసన ఇది పరాయిదిగ తోపకపోవుటకు హేతు విదియే. ధ్వని భారతీయముగ తోచినపుడు అర్థమును భారతీయమే యని భ్రమించుట సులభము.

సంస్కృతవ్యుత్పత్తివాదము

ఎ.ఆర్. మురుగదాస్ దర్శకత్వమున సోనాక్షీ సిన్హా నాయికగ 'అకీరా' అను హిందీ చలనచిత్రము 2016లో విడుదలైనది. 2011లో వెలువడిన 'మౌనగురు' అను తమిళచిత్రమునకు ఇది రూపాంతరము. ఆ సందర్భమున ఈ పేరు సంస్కృతపదమను మాట మరింత ప్రచారమును పొందినది. ఈ వాదమును కోశ, వ్యాకరణములచే పరీక్షింపవలసియున్నది.

మొదట కోశప్రమాణము. 'లాలిత్యముతో కూడిన బలము' అను అర్థమున 'అకిర' శబ్దము అమరకోశమున లేదు; ఆప్టే, మోనియర్ విలియమ్స్ నిఘంటువులలోను కానరాదు.

రెండవది వ్యాకరణప్రమాణము. వెదజల్లుట అను అర్థముగల తుదాదిగణపు 'కౄ' ధాతువునకు అష్టాధ్యాయి 3.1.135 సూత్రముచే కర్త్రర్థమున 'క' ప్రత్యయము విధింపబడినది. ప్రత్యయము కిత్తగుటచే గుణము నిషిద్ధమై, 7.1.100 సూత్రముచే ౠకారమునకు ఇకారమును, దానిపై రేఫమును వచ్చి 'కిర' రూపము సిద్ధించును. వెదజల్లువాడు అని యర్థము. దీనికి నఞ్ సమాసము చేసినచో 'అకిర', స్త్రీత్వవివక్షలో 4.1.4 సూత్రముచే టాప్ చేరి 'అకిరా' యగును. రూపము నిర్దుష్టమే. కాని యర్థము 'వెదజల్లనిది' అని మాత్రమే యగును. ఇందు లాలిత్యము లేదు, బలమును లేదు. ఆఙ్ ఉపసర్గతో కూర్చినచో 'ఆకిర' అను లోట్ మధ్యమపురుషైకవచనము లభించును. అది అంతటను వెదజల్లుమను ఆజ్ఞ, నామము కాదు. పైగా ఆద్యచ్చు దీర్ఘము.

దీర్ఘమధ్యమైన 'అకీరా' రూపమును గ్రహించినచో స్థితి మరింత విషమించును. 'కీర' శబ్దము చిలుకకు పర్యాయమని అమరకోశము చెప్పుచున్నది. తెలుగుకావ్యములందును 'కీరము' సుప్రసిద్ధము. నఞ్ సమాసమున 'అకీరా' యనగా 'చిలుక కానిది' యగును. ప్రీతితో పేరు పెట్టిన తల్లిదండ్రులు ఈ యర్థమును కోరియుండరు.

నిరుక్తాశ్రయవాదము, సమాధానము

యాస్కుడు నిర్వచనమున అర్థమునకే ప్రాధాన్య మిచ్చెను గదా, అక్షరసామ్యము కొంచెమున్నను నిర్వచింపవచ్చునని అనుమతించెను గదా, ఆ న్యాయముచే 'అకిరా'కు అభీష్టార్థమును చెప్పరాదా అని శంక కలుగవచ్చును. ఈ శంకకు సమాధానము నిరుక్తపద్ధతియందే యున్నది. నిరుక్తకారుడు నిర్వచించినవి వేదమున ప్రయోగసిద్ధములైన శబ్దములు. వాక్యమున అర్థము ముందే తెలిసియున్న శబ్దమునకు ధాతుసంబంధమును వెదకుట ఆ శాస్త్రకృత్యము. ప్రయోగమే లేని శబ్దమునకు ప్రయోగమును, అర్థమును, ధాతువును మూడింటిని కల్పించుట నిరుక్తము కాదు. నామములన్నియు ధాతుజములని శాకటాయనుడు చెప్పగా, అన్నియు కావని గార్గ్యుడు వాదించినట్లు యాస్కుడే తెలిపెను. స్వభాషాశబ్దముల విషయముననే ఇట్టి వివాద ముండగా, పరభాషానామమునకు సంస్కృతధాతువును అంటగట్టుట ఏ పక్షమునకును సమ్మతము కాజాలదు.

'రురి': యథార్థసంబంధమునకు ఉదాహరణము

జపాను నామములకు సంస్కృతముతో సంబంధమే లేదని దీనివలన తలపరాదు. యథార్థసంబంధము గల పేరొకటి కలదు. జపానులో బాలికలకు పెట్టు 'రురి' యను పేరు నీలవర్ణపు రత్నమును తెలుపును. దీని మూలము సంస్కృత 'వైదూర్య' శబ్దము. విదూరమను స్థలనామమునుండి ఈ శబ్దమును పాణిని 4.3.84 సూత్రముచే సాధించెను. ఆ మణి వాలవాయపర్వతమున పుట్టి విదూరమున సంస్కరింపబడునను చర్చను పతంజలి అచ్చట చేసెను. పాలీభాషలో ఇది 'వేళురియ'. బౌద్ధగ్రంథములను చీనా భాషలోనికి అనువదించినవారు ఈ శబ్దమును ధ్వన్యనుకరణముగ వ్రాసిరి. కాలక్రమమున మొదటి యక్షరము లోపించి 'లియులి' యైనది. లకారము లేని జపాను భాషలో అది 'రురి'గ పరిణమించినది. వైదూర్యప్రభతో కూడిన భైషజ్యగురు బుద్ధుని ఆరాధన ఈ శబ్దమును జపానున స్థిరపరచినది. నారా నగరమునందలి యకుషీజీ ఆలయము ఆ బుద్ధునకు చెందినదే.

ఇచ్చట ప్రతి సోపానమునకు సాక్ష్యమున్నది. ధ్వనిమార్పులు క్రమబద్ధములు, శబ్దమును మోసికొనిపోయిన జనులు, గ్రంథములు, మార్గము చరిత్రకు తెలిసినవి. అర్థమున మార్పు లేకపోలేదు. భారతీయులు నవరత్నములలో వైడూర్యమనునది పిల్లికంటి రాయి. జపానులో రురి నీలోపలము. అయినను రత్నత్వము నిలిచియున్నది. 'అకిర' విషయమున ఇట్టి సోపానము ఒక్కటియు చూపుటకు లేదు. మూడక్షరముల ధ్వనిసామ్యమే దానికి సర్వాధారము. ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన నుంచి బోధించినచో, యాదృచ్ఛికసామ్యమునకును చారిత్రకసంబంధమునకును గల భేదము విద్యార్థులకు సులభముగ బోధపడును.

ఉపసంహారము

పై పరిశీలనముచే తేలిన విషయములివి. 'అకిర' జపానున గుణవాచకమైన నామము. ప్రకాశము, స్పష్టత దాని సామాన్యార్థము. కంజిచిహ్నమునుబట్టి విశేషార్థము మారును. దేశాంతరగమనమున చిహ్నములు తొలగి, ఉచ్చారణము మారి, పురుషనామము ఉభయనామమై, అర్థశూన్యమైన యదృచ్ఛాశబ్దముగ నిలిచినది. భారతదేశమున దానికి చెప్పబడుచున్న 'లాలిత్యముతో కూడిన బలము' అను అర్థమునకు కోశప్రమాణము గాని, వ్యాకరణప్రమాణము గాని, ప్రయోగప్రమాణము గాని లేదు.

ఈ విషయమున పండితులు మౌనము వహించుట క్షేమము కాదు. సంస్కృతమున లేని యర్థమును సంస్కృతము పేర చెప్పినచో, వినువారు దానిని శాస్త్రవాక్యముగ గ్రహింతురు. అందుచే సంస్కృతమునకు గౌరవము పెరుగదు. ఆ శబ్దమును వేయి సంవత్సరములకు పైగ పోషించిన భాషకు న్యాయమును జరుగదు. అట్లని ఆ పేరు పెట్టుకొనరాదని నిషేధించుటయు శాస్త్రము పని కాదు. పేరు పెట్టు స్వాతంత్ర్యము తల్లిదండ్రులది. అర్థము చెప్పు బాధ్యత పండితునిది. అడిగినవారికి ఇది జపాను పదమనియు, వెలుగు, స్పష్టత దీని యర్థమనియు, సంస్కృతమున దీనికి సాటియైనవి విశద, ప్రకాశ, దీప్తి వంటి శబ్దములనియు చెప్పిన చాలును. మనువు కోరిన స్పష్టార్థత్వము ఈ పేరునకు సంస్కృతవ్యుత్పత్తిచే లభింపదు. స్పష్టత యనునదే దాని జపాను అర్థమగుటచే, తన స్వభాషలో అది సహజముగనే సిద్ధించియున్నది.